తోటకు ఏం పేరు పెడదాం?

పిల్లలూ! ఇంట్లో పసిపాపకు పేరు పెట్టాలంటే ఎంత సందడో మీకు తెలుసు. తాతగారు ఒక పేరంటారు, అమ్మమ్మ మరొకటంటుంది, మేనత్త ఎప్పుడో ఒకటి ఖాయం చేసుకుని మరీ వస్తుంది. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాసేదాకా ఆ తగవు తెగదు. ఇంగ్లండు దేశంలో తోటలకు కూడా పేర్లు పెడతారు. పాపకు పేరు పెట్టడం కంటె తోటకు పేరు పెట్టడమే కష్టమని నాకు తోస్తుంది. పాప పెద్దదై, నచ్చకపోతే పేరు మార్చుకోవచ్చు. తోట నోరెత్తదు. మనం ఏ పేరు పెడితే దానినే మోస్తూ వందల ఏళ్ళు నిలబడుతుంది.

ఇంగ్లీషు తోట అంటే ఏమిటో ముందు చూద్దాం. మూడువందల ఏళ్ళ క్రితం యూరపులో గొప్పవారి తోటలన్నీ ఫ్రాన్సు పద్ధతిలో ఉండేవి. పారిసు దగ్గర వెర్సాయిలో 14వ లూయీ రాజు వేయించిన తోట వాటన్నిటికీ మేలుబంతి. అక్కడ బాటలు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. చెట్లను బంతులలాగా, గోపురాలలాగా కత్తిరిస్తారు. కొలనులు గుండ్రంగానో, నలుచదరంగానో ఉంటాయి. చూస్తే రేఖాగణితం పుస్తకం తెరిచినట్టే! 1720 ప్రాంతాల నుంచి ఇంగ్లండువారికి ఇది మొహం మొత్తింది. వారు బాటలను వంకర తిప్పారు. కత్తెర పక్కన పెట్టి, చెట్లను వాటి ఇష్టానికి పెరగనిచ్చారు. వాగుకు అడ్డుకట్ట వేసి, సహజంగా పుట్టిన చెరువే అనిపించేటట్టు ఒంపులు తిరిగిన కొలను చేశారు. పచ్చికమీద గొర్రెలను మేయనిచ్చారు. మనిషి ఎంతో కష్టపడి చేస్తాడు, కాని అతని చెయ్యి పడిన గుర్తు మాత్రం ఎక్కడా కనిపించకూడదు. అదీ ఇంగ్లీషు తోట రహస్యం.

మరి ఆ గొర్రెలు ఇంటి గుమ్మందాకా వచ్చి పూలమొక్కలు తినవా? తింటాయి. గోడ కడితే చూపుకు అడ్డం. అందుకని లోతుగా కందకం తవ్వి, ఆ కందకంలోపలే ఇంటివైపున గోడ కట్టారు. ఇంట్లో నుంచి చూస్తే పచ్చిక ఎక్కడా ఆగకుండా పొలాలలో కలిసిపోయినట్టు ఉంటుంది. నడుచుకుంటూ వచ్చినవాడు మాత్రం కాలిముందు గొయ్యి చూసి ఉలిక్కిపడి ‘హా!’ అంటాడు. ఆ కందకం పేరే ‘హా-హా’! 1709లో తోటల మీద పుస్తకం రాసిన ఒక ఫ్రెంచి రచయిత ఈ పేరుకు ఇదే కారణం చెప్పాడు. మనిషి నోట అప్రయత్నంగా వచ్చిన కేక ఒకటి పేరై కూర్చున్నది. ఇంతకంటె నిజాయితీగల పేరు ఉంటుందా?

ఫ్రెంచి తోటలో ‘కుడివైపు మూడో మడి’ అంటే తోటమాలికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు తోటలో మూడో మడి అంటూ ఏదీ ఉండదు. ఒక మలుపు తిరిగితే కొలను, ఇంకో మలుపు తిరిగితే తోపు. అందుచేత ప్రతి గట్టుకూ, ప్రతి మలుపుకూ, మొత్తం తోటకూ కూడా పేరు కావలసి వచ్చింది. ఆ పేర్లు ఎలా దొరికాయో చెప్పటానికి మంచి కథ ఒకటి ఉన్నది.

లండనుకు నైరుతి దిక్కున, థేమ్సు నది ఒడ్డున ట్వికెన్‌హాం అనే ఊరు ఉన్నది. 1747లో హోరెస్ వాల్పోల్ అనే ఆయన అక్కడ ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వాల్పోల్ అంటే సామాన్యుడు కాదు. ఇంగ్లండుకు మొదటి ప్రధానమంత్రి అని చరిత్రకారులు చెప్పే రాబర్ట్ వాల్పోల్‌కు కొడుకు. అతనికంటె ముందు ఆ ఇంట్లో ఉన్నామె లండనులో బొమ్మలూ, ముచ్చటైన చిన్న చిన్న సామానులూ అమ్మే దుకాణందారు. ఇల్లు కూడా ఆ దుకాణంలో బొమ్మలాగే ఉన్నదని వాల్పోల్ సరదాపడ్డాడు.

అంతా బాగానే ఉన్నది గాని, ఆ ఇంటికి ఊళ్ళో ఒక వెక్కిరింత పేరు ఉన్నది. 1698లో ఆ ఇల్లు కట్టినవాడు ఒక ప్రభువుగారి బండి తోలేవాడు. బండి తోలేవాడికి ఇల్లు కట్టేటంత డబ్బు ఎక్కడిది? ఊరివాళ్ళు ఊరుకుంటారా! ‘ప్రభువుగారి గుర్రాలకు మంచి మేత వెయ్యమని డబ్బిస్తే, వీడు వాటికి తరిగిన ఎండుగడ్డి పడేసి, మిగుల్చుకున్న సొమ్ముతో ఇల్లు లేవదీశాడు’ అని చెప్పుకున్నారు. దానికి ‘తరిగిన గడ్డి మహలు’ అని పేరు పెట్టేశారు. బండివాడు నిజంగా తప్పు చేశాడో, లేక ఒక బీదవాడు ఇల్లు కట్టుకుంటే చూడలేక అన్నారో, ఆ గుర్రాలే చెప్పాలి!

ప్రధానమంత్రి కొడుకు గడ్డి మహలులో ఉంటాడా? పేరు మార్చాలనుకున్నాడు. కావాలంటే తన ఇంటిపేరే పెట్టుకోవచ్చు. గ్రీకు దేవతల పేర్లు అప్పట్లో మంచి గిరాకీమీద ఉన్నాయి, వాటిలో ఒకటి ఎన్నుకోవచ్చు. అతను ఈ రెండూ చెయ్యలేదు. పాత దస్తావేజులు తెప్పించి తిరగేశాడు. ఆ నేలను వాటిలో ‘స్ట్రాబెరీ హిల్ షాట్’ అని రాసి ఉన్నారు. షాట్ అంటే ఇక్కడ తుపాకి దెబ్బ కాదు సుమా! ఊరి ఉమ్మడి పొలంలో ఒక చెక్కను ఆ కాలపు రైతులు అలా పిలిచేవారు. అంటే ‘స్ట్రాబెరీ దిబ్బ చెక్క’ అన్నమాట.

మన పల్లెలలో పొలాలకు పేర్లు ఉండటం మీరు వినే ఉంటారు. ‘పుట్ట చేను’, ‘ఊట మడి’, ‘తాళ్ళ దొడ్డి’ అని రైతులు అంటూ ఉంటారు. పుట్ట ఎప్పుడో చదునైపోయినా చేను పుట్టచేనే. ఆ పేరు ఏ పండితుడూ పెట్టలేదు. ఎవరో ఒకరు పొద్దున్నే ‘ఇవాళ ఎక్కడ దున్నాలి?’ అని అడిగారు, ఇంకొకరు ‘పుట్ట దగ్గర’ అన్నారు. అలా నిలిచిపోయింది. వాల్పోల్‌కు దొరికింది కూడా సరిగ్గా అలాటి పేరే. అతను ‘షాట్’ తీసేసి, ‘స్ట్రాబెరీ హిల్’ ఉంచుకున్నాడు.

తరువాత ఏమైందో చూడండి. 5 ఎకరాలతో మొదలైన స్థలం 46 ఎకరాలైంది. నదివైపు పచ్చిక, తోపులు, వంకర బాటలు వెలిశాయి. ఇల్లు పాత కోటలాగా బురుజులు తొడుక్కున్నది. జనం టిక్కెట్లు పుచ్చుకుని చూడటానికి వచ్చారు. పేరు తోటను దాటి పేట అంతటికీ పాకింది. ఈనాడు అక్కడి రైల్వేస్టేషను పేరు కూడా స్ట్రాబెరీ హిల్లే. ఇక గడ్డి మహలు సంగతి చరిత్ర పుస్తకాలలో తప్ప ఎవరికీ గుర్తులేదు.

(ఈ వాల్పోల్‌కు మాటలు వెతకటం ఒక సరదా. వెతకనిది అనుకోకుండా దొరకటాన్ని ఇంగ్లీషులో ‘సెరెండిపిటీ’ అంటారు. 1754లో ఒక ఉత్తరంలో ఆ మాట పుట్టించింది ఇతనే. సెరెండిప్ అంటే సింహళం. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ చదివి దానిలోనుంచి ఈ మాట తీశాడు.)

పేరు నేలలోనే ఉంటుందన్న సంగతి తెలిసినవాడు వాల్పోల్ ఒక్కడే కాదు. విల్ట్‌షైర్ జిల్లాలో హెన్రీ హోర్ అనే బ్యాంకు యజమాని 1717లో స్టౌర్టన్ అనే జమీ కొన్నాడు. స్టౌర్ నది పుట్టేది ఆ ప్రాంతంలోనే. ఆయన పాత భవనం పడగొట్టి కొత్తది కట్టించి, దానికి స్టౌర్‌హెడ్ అని పేరు పెట్టాడు. హెడ్ అంటే తల కదా! కావేరి పుట్టినచోటును మనవారు తలకావేరి అన్నట్టే ఇదీను. ఎక్కడో కొడగు కొండలలోనివారికీ, ఎక్కడో ఇంగ్లండువారికీ ఒకటే ఊహ తోచింది. అదే పేరుగల ఆయన కొడుకు 1740 తరువాత అక్కడ వేసిన తోట, కట్ట వేసి నిలిపిన కొలను ఇంగ్లండులో ఎంతో పేరు పొందినవి.

విలియం షెన్‌స్టన్ అనే కవి కథ ఇంకా చిన్నది. అతను పెద్ద ధనవంతుడు కాడు. తండ్రి తాతలనాటి పొలం ఒకటి ఉండేది. దానిని తోటగా మార్చుకున్నాడు. ఒక జలపాతం, అక్కడక్కడ బెంచీలు, బెంచీలమీద మిత్రుల పేర్లు, పద్యాలు. ఉన్న డబ్బంతా దానికే పోశాడు. ఇంత ముచ్చటపడి చేసుకున్న తోట పేరు ‘లెజోస్’. అర్థం ఏమిటో తెలుసా? ‘పసువుల బీడు’! ఆ పొలానికి మొదటినుంచీ ఉన్న పేరే అది. కవి అయి ఉండి కూడా ఒక కవిత్వపు పేరు తగిలించలేదు. ఆవులు మేసిన చోటు ఆవులదే అనుకున్నాడు కాబోలు. ఆ నిగ్రహం నాకు చాలా నచ్చింది.

ఇక దీనికి ఎదురు కథ. బకింగ్‌హాంషైర్ జిల్లాలో స్టో అనే తోట ఉన్నది. దాని యజమాని కాబమ్ ప్రభువు. ఆయన ఇంటిపేరు టెంపుల్, అంటే గుడి. గుళ్ళంటే తమకు ఎంత ప్రేమో చెప్పే లాటిన్ మాటలను ఆ వంశంవారు తమ ముద్రమీద వేసుకున్నారు. ఇంటిపేరు గుడి కదా అని ప్రభువుగారు తోట నిండా గుళ్ళు కట్టించాడు. గుళ్ళూ, మంటపాలూ, స్తంభాలూ కలిసి సుమారు 40 లేచాయి. వాటిలో చాలా గుళ్ళలో పూజలూ లేవు, పూజారులూ లేరు. చూపుకు అందంగా ఉంటే చాలు. ఒక లోయకు స్వర్గపు మైదానం అని అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు. అందులో పారే పిల్లకాలువకు స్టిక్స్ అని పేరు. గ్రీకు పురాణాలలో అది మన వైతరణి వంటి నది. ఆ వైతరణికి అవతలి ఒడ్డున 16 మంది గొప్పవారి శిలాప్రతిమలు పెట్టారు. వారిలో షేక్స్పియరూ, న్యూటనూ ఉన్నారు. తోటంతా తిరిగితే ఒక పుస్తకం చదివినట్టు ఉంటుందట. నాకు మాత్రం ఇన్ని పెద్ద పేర్లు ఒక్కచోట చేరితే, పేరంటంలో నగలన్నీ ఒకేసారి దిగేసుకుని వచ్చిన ఆవిడ గుర్తుకు వస్తుంది.

అయితే ఆ పెద్ద పేర్లన్నిటికంటె పాతపేరు ఒకటి అక్కడ ఉన్నది. అదే స్టో. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ‘చోటు’ అనీ, ‘పవిత్రమైన చోటు’ అనీ అర్థం. అది తోట పేరు కాదు, ఊరి పేరు. తోట పెరిగేకొద్దీ ఊరు అడ్డం వచ్చింది. ఇళ్ళు తీసేశారు, మనుషులను వేరేచోటికి పంపారు. ఆ ఊరి పాత చర్చి ఒక్కటి మాత్రం చెట్ల చాటున ఇప్పటికీ ఉన్నది. ఊరు పోయింది, ఊరి పేరు తోటకు దక్కింది. మీరు ఎప్పుడైనా స్టో బొమ్మ చూస్తే, ఆ పచ్చికమీద ఒకప్పుడు పొయ్యిలు రాజిన ఇళ్ళు ఉండేవని గుర్తు చేసుకోండి.

ఆ తోటలోనే 1741లో 25 ఏళ్ళ కుర్రవాడు ఒకడు తోటమాలిగా చేరాడు. అతని పేరు లాన్స్‌లాట్ బ్రౌన్. అతను తరువాత దేశమంతా తిరిగి 170కి పైగా తోటలను దిద్దాడు. ఎవరి స్థలం చూసినా ‘దీనికి మంచి కేపబిలిటీ ఉన్నది’ అనేవాడట. అంటే బాగుపడే సత్తా ఉన్నదని. పిల్లవాడిని చూసి ఉపాధ్యాయుడు అనవలసిన మాట అది. జనం అతనికి ‘కేపబిలిటీ బ్రౌన్’ అనే పేరు ఖాయం చేశారు. చూశారా, తోటకే కాదు, తోటమాలికి కూడా జనమే పేరు పెట్టారు.

జనం పెట్టిన పేరు రాజుగారి పేరును సైతం ఓడించిన కథ జర్మనీలో జరిగింది. ఇంగ్లీషు తోటల మోజు అప్పటికి యూరపు అంతటా పాకింది. మ్యూనిక్ నగరంలో కార్ల్ థియొడోర్ అనే పాలకుడు 1789 ఆగస్టులో ఒక పెద్ద తోట వేయించటానికి ఆజ్ఞ ఇచ్చాడు. ఫ్రాన్సులో ప్రజలు బాస్తీలు కోటను పడగొట్టి అప్పటికి సరిగ్గా నెల రోజులు. రాజులకు నిద్ర పట్టని కాలం అది! ప్రజలందరూ తిరిగే తోట ఒకటి ఉంటే మంచిదని పాలకుడికి చెప్పినవాడు అమెరికాలో పుట్టిన బెంజమిన్ తాంసన్. తరువాత రంఫర్డ్ ప్రభువైనవాడు ఇతనే. పై తరగతుల పిల్లలు ఇతని పేరు భౌతికశాస్త్రంలో చదువుతారు. ఫిరంగి గొట్టానికి తొలి వేసేటప్పుడు పుట్టే వేడితో, నిప్పు లేకుండానే నీళ్ళు మరిగించి చూపించాడు. వేడి అనేది ఒక పదార్థం కాదనీ, కదలికేననీ 1798లో ప్రకటించాడు. ఆ ప్రయోగం చేసింది కూడా మ్యూనిక్‌లోనే.

తోటకు పాలకుడి పేరుమీద ‘థియొడోర్ పార్కు’ అని నామకరణం చేశారు. జనం ఆ పేరు పలకలేదు. ఎవరిని అడిగినా ‘ఇంగ్లీషు తోటకు పోతున్నాం’ అన్నారు. అది ఇంగ్లీషు పద్ధతి తోట గనుక అలా అన్నారు, అంతే. 1792లో జనానికి గేట్లు తెరిచారు. ఈనాడు 900 ఎకరాలకు పైగా ఉన్న ఆ తోట పేరు ఇంగ్లీషు తోటే. థియొడోర్ పార్కు అంటే అక్కడ దారి చెప్పేవాడు దొరకడు. మన హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్సును పాతవాళ్ళు ‘బాగే ఆం’ అంటారు. ఆం అంటే అందరిదీ. అదీ అలాటి పేరే.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో కూడా ఇలాటిది జరిగింది. బడితోటకు ఒక పెద్దమనిషి పేరు పెట్టి, రంగుల బోర్డు కట్టారు. పిల్లలు ఒక్కరూ ఆ పేరు అనలేదు. మూలన ఒక కుంకుడుచెట్టు ఉండేది. వాళ్ళు ‘కుంకుడుచెట్టు తోట’ అనేవారు. నాలుగేళ్ళకు బోర్డు తుప్పుపట్టి పడిపోయింది. కుంకుడుచెట్టు తోట మాత్రం హాజరుపట్టీలో ‘తోటపని’ గడి ఎదుట కూడా ఎక్కింది.

ఢిల్లీలో ఉన్న లోడీ తోట మీలో కొందరు చూసి ఉంటారు. 15, 16 శతాబ్దాలలో సయ్యద్, లోడీ వంశాల సుల్తానులకు కట్టిన సమాధులు అక్కడ ఉన్నాయి. వాటి చుట్టూ ఖైర్‌పూర్ అనే పల్లె ఉండేది. ఇంగ్లీషువారు ఆ పల్లెను ఖాళీ చేయించి, పచ్చిక పరిచి, బాటలు తీర్చి, 1936లో తోట తెరిచారు. అప్పటి వైస్రాయి భార్య పేరుమీద ‘లేడీ విల్లింగ్డన్ పార్కు’ అన్నారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చాక అది లోడీ తోట అయింది. పాత పేరు గేటుమీద రాతిలో చెక్కి ఉన్నది. ఒకే చోట మూడు పేర్లు! రాతిమీది పేరు ఒకటి, నోటిమీది పేరు ఒకటి. మూడోది పల్లె పేరు. స్టో ఊరికి దక్కిన ఆపాటి అదృష్టం కూడా ఖైర్‌పూర్‌కు దక్కలేదు.

ఇంతవరకూ మొత్తం తోట పేరు సంగతి చెప్పాను. లోపలి మడుల పేర్లు పెట్టటంలో దిట్ట వీటా సాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి. ఆమే, భర్త హెరాల్డ్ నికల్సనూ కలిసి 1930లో కెంట్ జిల్లాలో సిసింగ్‌హర్స్ట్ అనే పాడుబడిన కోట కొన్నారు. కొన్ననాటికి అక్కడ తోట లేదు. చెత్త ఉన్నది. దానిని బాగుచేసి, గోడలతో, పొదలతో గదులు గదులుగా తోట వేశారు. ఇళ్ళలో వంటిల్లు, పడకటిల్లు ఉన్నట్టు ఆ తోటలో గులాబీల తోట, కాయల తోపు, మూలికల తోట అని విడివిడి గదులు. 1938లో జనానికి తెరిచి, తలకు ఒక షిల్లింగు రుసుము పెట్టారు. వచ్చినవారిని ఆమె ముద్దుగా ‘షిల్లింగులు’ అనేది. మనిషికి కూడా పేరు తగిలించకుండా ఉండలేదు చూశారా!

ఆ గదులన్నిటిలో ప్రసిద్ధమైనది 1950 ప్రాంతాలలో వేసిన ‘తెల్ల తోట’. అందులో తెల్లపూలు, బూడిదరంగు ఆకులు, పచ్చని ఆకులు తప్ప వేరే రంగు లేదు. సందెవెలుగులో చూడటానికి దానిని ఊహించుకున్నది. దీనిలో ఒక శాస్త్రం ఉన్నది. మన కంటిలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. శంకువులవంటివి రంగులు చూస్తాయి గాని, వాటికి మంచి వెలుతురు కావాలి. కడ్డీలవంటివి మసకలో కూడా పనిచేస్తాయి గాని, వాటికి రంగులు తెలియవు. అందుకే పొద్దు కుంకగానే ఎర్రగులాబీ నల్లబడి చీకటిలో కలిసిపోతుంది. తెల్లపువ్వు ఆఖరిదాకా కనబడుతుంది. సాయంత్రం విచ్చే మన మల్లె, రాత్రి విచ్చే పారిజాతం తెల్లగా ఎందుకు ఉన్నాయో ఆలోచించండి. వాటిని వెతుక్కుంటూ వచ్చే రాత్రి పురుగులకు కూడా తెలుపే ఆనవాలు. తెల్ల తోట అన్న రెండు ముక్కల పేరులో ఈ పని అంతా ఉన్నది.

అదే వీటా మరోచోట దెబ్బతిన్నది. 1935లో గ్రీసు దేశంలోని డీలోస్ దీవి చూసి వచ్చి, రాళ్ళ మధ్య మొక్కలు పెరిగే ఆ అందానికి మురిసి, తన తోటలో ఒక మూలకు డీలోస్ అని పేరు పెట్టింది. గ్రీసు ఎండ ఎక్కడ, కెంట్ జిల్లా బంకమట్టి ఎక్కడ! పేరు వచ్చింది గాని, మొక్కలు నిలవలేదు. ఈమధ్య సంవత్సరాలలో అక్కడివారు నేలను ఎండతగిలేటట్టు, నీరు దిగేటట్టు మార్చి, గ్రీసు మొక్కలు నాటి, ఆ మూలను మళ్ళీ డీలోస్ చేశారు. ఎనభై ఏళ్ళకు ఆ పేరు నిజమైంది.

ఇప్పుడు మీ బడిలోనో, ఇంటి వెనుకనో పచ్చిక, వంకర బాట, నాలుగు చెట్లు ఉన్న చిన్న ఇంగ్లీషు పద్ధతి తోట వేశారనుకోండి. (మన ఎండలలో పచ్చికకు నీళ్ళు చాలా కావాలి. నన్నడిగితే పచ్చిక జానెడే చాలునంటాను.) పేరుకోసం నిఘంటువు తియ్యకండి. బోర్డు రాయించటానికి కూడా తొందరపడకండి. ఆ వీధిలో అందరికంటె పెద్దావిడ ఎవరో కనుక్కుని, ‘మామ్మగారూ, ఇక్కడ ఇదివరకు ఏముండేది?’ అని అడగండి. బావి ఉండేదంటుందో, గానుగ ఉండేదంటుందో, ఫలానావారి పాక ఉండేదంటుందో! నాన్నగారిని అడిగి పాత దస్తావేజులో హద్దులు చదవండి. తూర్పున ఏమిటి, పడమర ఏమిటి అని రాసినచోట ఎన్ని పేర్లు నిద్రపోతూ ఉంటాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. దొరికిన పేరును ఒక నెల నోటితో వాడి చూడండి. ‘ఒరేయ్, నేను ఫలానాచోట ఉన్నాను, రా!’ అని దూరం నుంచి కేక వెయ్యటానికి వీలుగా ఉంటే, అది పేరు. నెల తరువాత కూడా ఎవరూ అనకపోతే వదిలెయ్యండి.

చిట్టచివరికి నాకు అన్నిటికంటె ఇష్టమైన పేరు దాచి ఉంచాను. ఇంగ్లండుకు నైరుతి కొసన కార్న్‌వాల్ జిల్లాలో హెలిగన్ అనే జమీ ఉన్నది. ఆ సీమ పాతభాషలో హెలిగన్ అంటే విల్లో చెట్టు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అక్కడి తోటలో 22 మంది తోటమాలులు పనిచేసేవారు. పుచ్చపండ్లకు ఒక పెరడు, ఎండగడియారానికి ఒక తోట, అనాసపండ్లు పండించటానికి గుర్రపులద్ది వేడితో పనిచేసే గుంటలు ఉండేవి. ఆ చలిదేశంలో అనాసపండు! దూరదేశాల మొక్కలు దట్టంగా పెరిగిన లోయకు ‘జంగిల్’ అని మన మాటే పేరు పెట్టారు. జంగిల్ అన్నది ఇంగ్లీషువారు ఇక్కడినుంచి పట్టుకుపోయిన మాట కదా!

1914లో యుద్ధం వచ్చింది. తోటమాలులు సిపాయిలై వెళ్ళారు. కొందరు తిరిగి రాలేదు. చూసేవారు లేక ముళ్ళకంప పెరిగి, గాజు ఇళ్ళు విరిగి, బాటలు పూడిపోయి, తోట కనపడకుండా పోయింది. 1990లో కొందరు మిత్రులు కంప నరుక్కుంటూ లోపలికి వెళ్ళారు. పుచ్చపండ్ల పెరడులో ఒక చిన్న గది బయటపడింది. అది తోటమాలుల మరుగుదొడ్డి. దానిని వాళ్ళు నవ్వులాటకు ‘ఉరుములపెట్టె గది’ అనేవారు. నవ్వకండి! ఆ గది గోడ సున్నంమీద పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి. కింద తారీఖు 1914 ఆగస్టు. యుద్ధం మొదలైన నెల.

ఆ మిత్రులు తోటను తిరిగి బతికించారు. పేరు పెట్టవలసి వచ్చినప్పుడు జమీందారు పేరూ పెట్టలేదు, తమ పేర్లూ పెట్టుకోలేదు. ‘హెలిగన్‌లో పోయిన తోటలు’ అని పెట్టారు. తోట దొరికింది, పచ్చగా ఉన్నది, అయినా పేరు ఇప్పటికీ ‘పోయిన తోటలు’ అనే. 2013లో లండనులోని యుద్ధ ప్రదర్శనశాలవారు ఆ చిన్న గదిని సజీవ స్మారకమని గుర్తించారు. చూడటానికి వచ్చినవారు మొదట అనాస గుంటలు చూసి ఆశ్చర్యపడి, తరువాత పుచ్చపండ్ల పెరడులోకి వెళ్ళి ఆ గోడముందు వంగి, పెన్సిలు రాతలో ఒక్కొక్క పేరే కూడబలుక్కుంటూ చదువుతారు.